తిప్పవ్వ ఉండమంది

అనగా అనగా, ఏటికి వంతెన లేని కాలంలో, కొండకు దారి పడని కాలంలో, గుండ్లవంక అనే గొల్లపల్లె ఉండేది. అక్కడ మనుషులకన్నా గొర్రెలెక్కువ, గొర్రెలకన్నా బండలెక్కువ. ఆ పల్లెలో దొడ్లు ఊడ్చి బతికే తిప్పవ్వ అనే ముసలామె ఉండేది. ఆమెకు ఒక మొగుడు, ఒక గుడిసె, ఒక కుక్క. కుక్క పేరు కరియ.

ఆ కాలంలో గుర్రాల మీద దండు వచ్చేది. దండు వచ్చిందంటే గింజ దక్కదు, గొర్రె దక్కదు, మనిషి దక్కడు. దూరాన దుమ్ము లేస్తే చాలు, పల్లె పల్లెంతా కొండబిలంలో దూరి ఊపిరి బిగబట్టేది.

ఒక ఏడు అట్లాగే దాక్కున్నారు. గుర్రాలు బిలం పక్కగానే పోతున్నాయి. ఇంకొంచెముంటే దాటిపోయేవే. అంతలో కరియ మొరిగింది. దాని వెంట కుక్కలన్నీ మొరిగాయి. గుర్రాలు వెనక్కి తిరిగాయి.

ఆ రోజు చచ్చినవాళ్ళను పూడ్చడానికి బతికినవాళ్ళు చాలలేదు. తిప్పవ్వ మొగుడు సుంకన్న కూడా పోయాడు.

గుంతల మీద మట్టి ఆరకముందే మగవాళ్ళు దుడ్డుకర్రలు పట్టారు. దొరికిన కుక్కనల్లా కొట్టి చంపుకుంటూ తిప్పవ్వ గుడిసె దాకా వచ్చారు. ముందు పల్లెపెద్ద బీరప్ప. కరియ తిప్పవ్వ కాళ్ళ వెనక నక్కింది.

"పక్కకు జరుగు తిప్పవ్వా. నీ మొగుణ్ణి తిన్నది దీని గొంతే."

"అవును నాయనా, ఇదే మొరిగింది. మొరగొద్దని దానికి ఎవురు చెప్పినారు?"

బీరప్ప కర్ర పైకెత్తాడు.

"కుక్కలుంటే దండు, లేకుంటే చిరుత," అంది తిప్పవ్వ. "ఉన్నవాటిని కూడా చంపితే రేపు మందకు కాపలా ఎవురుంటారు? కొర్ర కోతకొచ్చే దాకా గడువియ్యండి. అప్పటికీ ఇది నోరు మూసుకోకుంటే ఆ కర్ర నా చేతికియ్యండి. నేనే చంపుతా."

కర్రలు దిగాయి.

మొదట తిప్పవ్వ కూడా కొట్టింది. సుంకన్న గుర్తొచ్చినప్పుడల్లా కొట్టింది. కరియ ఉచ్చ పోసుకుంది, మూలకు దూరింది, ఆకు కదిలినా గుండెలు పగిలేలా మొరిగింది. ఒక పొద్దు ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండగా తన చెయ్యి వణకడం చూసుకుంది తిప్పవ్వ. కుక్క వెన్ను కూడా అట్లాగే వణుకుతోంది. కర్రను పొయ్యిలో పెట్టి కుక్క పక్కన నేలమీద కూలబడింది. బాగా ఏడ్చింది. ఏడుపు తీరి, ఊపిరి కుదురుకునే దాకా కదల్లేదు. అప్పుడు కరియ వచ్చి ఆమె తొడ మీద తల పెట్టింది.

"ముందు నేను నిమ్మళించాల. తర్వాత అది నిమ్మళిస్తుంది," అనుకుంది.

ఆ రోజునుంచి దానికి మూడే మాటలు. కూచో. ఉండు. ఇంక రా. సంగటి ముద్ద ముందు పెట్టి, అరచెయ్యి చూపి "ఉండు" అనేది. ఎగబడితే ముద్ద తీసేది, తిట్టేది కాదు. మళ్ళీ పెట్టేది. ఉంటే, "ఇంక రా బిడ్డా" అని తినిపించేది. తర్వాత గడప లోపల ఉండమని తాను బయటికి పోయేది. ఆ తర్వాత పక్కింటి చెన్నక్కను పిలిచి తలుపు బాదమనేది, చట్టి మోగించమనేది. కరియ చెవులు నిక్కబొడిచేది, చూసేది, మళ్ళీ తల వాల్చేది.

కొర్ర కోతకొచ్చింది. బీరప్ప వచ్చి గుడిసె ముందు అరిచాడు, రాళ్ళు విసిరాడు, కర్ర ఝళిపించాడు. కరియ తిప్పవ్వ అరచేతినే చూస్తూ పడుకుంది. బీరప్ప పరుగున పోయి, కర్రలకు దొరక్క మిగిలిన తన కుక్కను తెచ్చాడు.

మనుషుల మీద ఎగబడే కుక్కను తెచ్చిన వాళ్ళున్నారు, ఉరుముకు ఊళ పెట్టే కుక్కను తెచ్చిన వాళ్ళున్నారు, గొలుసు కొరికే కుక్కను తెచ్చిన వాళ్ళున్నారు. అందరికీ తిప్పవ్వది ఒకటే మాట. "ముందు నువ్వు నిమ్మళించు. తర్వాత అది నిమ్మళిస్తుంది." చీకటికి, తడికి అలవాటు పడాలని కుక్కలను బిలంలోకి తీసుకుపోయి వాటి మధ్యనే పడుకునేది. కోతల వెనక పట్టిన ముసురంతా ఆ చెమ్మలో పడుకున్నందుకు దగ్గు పట్టుకుంది. పసరు తాగినా పోలేదు, పొగ పట్టినా పోలేదు, మొక్కుకున్నా పోలేదు.

చలికాలంలో మళ్ళీ దుమ్ము లేచింది.

పల్లె బిలంలో దూరింది. కుక్కలన్నీ పడుకున్నాయి. ఒక్కటీ కిక్కురుమనలేదు. గిట్టల చప్పుడు దగ్గరయింది. అప్పుడు తిప్పవ్వ గొంతులో దగ్గు కదిలింది. కొంగు నోట్లో కుక్కుకుంది. చెన్నక్క ఆమె మొహాన్ని ఒళ్ళో అదుముకుంది. చెన్నక్క రొమ్ము దగ్గర పసిబిడ్డ పాలు తాగుతోంది. కుక్కలకు నేర్పింది గానీ, తన రొమ్ములో దగ్గుకు ఏ మాట నేర్పగలదు?

తిప్పవ్వ లేచింది. కరియకు అరచెయ్యి చూపింది. "ఉండు."

వెనక సందులోంచి పాకి, పొదల చాటున వంక వెంబడి పోగలిగినంత దూరం పోయింది. బిలానికి ఎడంగా బండ మీద నిలబడి, అప్పుడు దగ్గింది. పేగులు తెగేలా దగ్గింది.

దండు ఆమెను చుట్టుముట్టింది.

"మిగతావాళ్ళేరీ?"

"ఏరు దాటినారు."

కొట్టారు. "ఏరీ?"

"కొండెక్కినారు."

చెయ్యి విరిచారు. "ఏరీ?"

"మట్టిలో ఉండారు నాయనా. పోయినేడు మీరే పంపితిరి గదా."

ఆమె కేక బిలం దాకా వినబడింది. ఒకసారే వినబడింది. కరియ వెంట్రుకలు లేచాయి, ఒళ్ళంతా అదిరింది. మొరగలేదు, కదల్లేదు.

గుర్రాలు ఏటి వైపు పోయాయి. మనుషులు బయటికొచ్చారు, కుక్కలు బయటికొచ్చాయి. కరియ రాలేదు. అది ఉండమన్నచోటే ఉంది.

"ఇంక రా," అని పిలిచాడు బీరప్ప. రాలేదు. "ఇంక రా, ఇంక రా!" అని ఏడుస్తూ అరిచింది చెన్నక్క. రాలేదు. చెన్నక్క బిడ్డను ఎవరికో ఇచ్చి కరియ పక్కన నేలమీద కూచుంది. కళ్ళు తుడుచుకుంది. ఊపిరి కుదురుకునే దాకా కూచుంది. అప్పుడు మెల్లగా, "ఇంక రా బిడ్డా," అంది.

కరియ లేచింది. సూటిగా వంక దగ్గరికి పోయింది. తిప్పవ్వ చుట్టూ తిరిగింది, అరచెయ్యి నాకింది. మోర పైకెత్తి ఊళ పెట్టింది. కొండ కొండంతా మారుమోగింది. దండు ఇంకా ఏటి దగ్గరే ఉందేమోనని ఒకడు దాని నోరు మూయబోయాడు.

బీరప్ప వాడి చెయ్యి పట్టుకున్నాడు. "అరవనీ," అన్నాడు.

దండు రాలేదు. వచ్చినా బీరప్ప ఆ చెయ్యి వదిలేవాడు కాదంటారు.

గుండ్లవంకలో ఇప్పటికీ ఇంటికి కుక్కపిల్లను తెస్తే, ముందు ఇల్లాలు దాని పక్కన ఊరికే నేలమీద కూచుంటుంది. తర్వాతే ముద్ద. అరచెయ్యి చూపి, "తిప్పవ్వ ఉండమంది" అంటుంది. పిల్ల ఉంటుంది.

కుక్క ఊళ పెడితే కీడని అన్ని ఊళ్ళలోనూ రాయి విసురుతారు. ఆ ఊళ్ళో మాత్రం విసరరు. దాని ఊళ అది తీరేదాకా, చేస్తున్న పని ఆపి నిలబడతారు.