గోరింటపేట తలపాగా

అనగనగా, రాజులు కూడా ఎండకు గొడుగు వేసుకుని ఊళ్ళు చూసివచ్చే రోజుల్లో, గోరింటపేట అని ఒక పట్టణం ఉండేది. పట్టణం అన్నానే గానీ, అది మరీ చిన్నది. వీధికి ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర వాళ్ళు "చిరంజీవ" అనేవారు.

ఊరు చిన్నదైనా దానికొక గొప్ప సభ ఉండేది. పేరు మర్యాద సభ. గొప్ప సభ అన్నానని వందమందిని ఊహించుకోకండి పిల్లలూ, అందులో ఉన్నది ముగ్గురే. ఊరి పాత రాళ్ళూ శాసనాలూ చూసుకునే సోమనాథశాస్త్రి, పండగలకు తోలుబొమ్మలాటలూ హరికథలూ ఏర్పాటు చేసే కామయ్యశెట్టి, ఊరి తలపాగాను భద్రంగా కాపాడే ఓబుళమ్మ.

ఆ తలపాగా తాతలనాటిది. జరీ అంచుది. ఏటా ఊళ్ళోకల్లా మంచి మనిషిని సభ ఎంచి, వాళ్ళ తలకు దాన్ని చుట్టేది. ఏడాదయ్యాక అది మళ్ళీ ఓబుళమ్మ చేతికి వచ్చేది. ఆమె నేతపని మనిషి. చిరుగులు అల్లి, గంజి పెట్టి, నీడన ఆరేసి, కన్నబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టేది.

కానీ ఈమధ్య ఆ తలపాగాకు మంచి రోజులు లేవు. ఒకాయన దాన్ని పరిచి మిరపకాయలు ఎండబెట్టుకున్నాడు. ఇంకొకాయన పెళ్ళికొడుకులకు అరువిచ్చాడు. మూడో ఆయన దాన్ని పెట్టుకునే తోటలో మామిడికాయలు దొంగిలించి, వాటిని మూట కట్టడానికీ దాన్నే వాడాడు.

ఈ సంగతులన్నీ మల్లదేవ మహారాజు చెవిన పడ్డాయి. ఆయన దూత చేత కబురు పంపాడు.

"ఈసారి నేనే వస్తాను. తలపాగాకు తగిన తల చూపించారా, సరే. లేకపోతే దాన్ని రాజధానికి తీసుకుపోయి నా కోటలోనే ఉంచుకుంటాను. అక్కడైనా మిరపకాయలు లేకుండా ఉంటుంది."

ఓబుళమ్మకు ఆ రోజు అన్నం సహించలేదు. తలపాగా పోతే ఊరికి ఇంకేం మిగులుతుంది?

ముగ్గురూ కూర్చుని ఆలోచించారు.

"మన బంగారయ్యగారు ఉండగా వెతుకులాట ఎందుకు?" అన్నాడు శెట్టి. "సగం ఊరు ఆయన ఇళ్ళలోనే కాపురం ఉంటోంది."

"వైద్యుడు మధురాచారి ఉన్నాడు," అన్నాడు శాస్త్రి. "ఆయన పలకరిస్తేనే సగం జబ్బు పోతుంది."

"పూటకూళ్ళ మంగతాయి ఉంది," అంది ఓబుళమ్మ. "ఆకలితో దాని గడప తొక్కినవాళ్ళెవరూ ఆకలితో తిరిగి పోలేదు."

"మంగతాయా!" శెట్టి చెవులు మూసుకున్నాడు. "ఆవిడ నోరు ఎప్పుడైనా విన్నావా?"

"రోజూ వింటున్నాను. నోరు పెద్దదే. చెయ్యి అంతకంటే పెద్దది."

ఎవరి పట్టు వారిదే. చివరికి ఓబుళమ్మ అంది: "మన ఊరికో ఆచారం ఉండేదని మా అమ్మమ్మ చెప్పేది. నిందల పూట. తలపాగా కట్టించుకోబోయేవాళ్ళు పొద్దున్నే సంత బయల్లో పీట వేసుకుని కూర్చోవాలి. ముందొక గంప ఉంటుంది. వాళ్ళ వల్ల కష్టం కలిగిన వాళ్ళెవరైనా వచ్చి ఆ కష్టమేమిటో చెప్పి, గంపలో ఒక గులకరాయి వెయ్యొచ్చు. కష్టం తీరిందనుకుంటే రాయి వేసినవాళ్ళే మళ్ళీ దాన్ని తీసుకోవాలి. మిట్టమధ్యాహ్నానికి ఎవరి గంప ఖాళీగా ఉంటే తలపాగా వాళ్ళది. ఆ పద్ధతి మళ్ళీ పెడదాం."

శాస్త్రి దగ్గాడు. ఇంటి కప్పు వైపు చూస్తూ, "ఆ ఆచారం చెక్కిన రాయి ఇప్పుడు లేదుగా!" అన్నాడు.

"లేకేం? అదెక్కడుందో మన ముగ్గురికీ తెలుసు."

నిజమే, ముగ్గురికీ తెలుసు. బంగారయ్య దాన్ని పెళ్ళగించుకుపోయి తన పశువుల కొట్టానికి గడపగా వేసుకున్నాడు. పెద్దమనిషితో మనకెందుకని సభ నోరు మూసుకుంది. గడప మీద గేదెలు నడుస్తున్నాయి, ఆచారం మట్టిలో కలిసింది. పెద్దమనుషులు సిగ్గుపడాల్సిన సమయంలో చేసే పని మెడ వంచుకోవడం. ఇద్దరూ మెడ వంచుకుని సరేనన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. సంత బయల్లో మూడు పీటలు, మూడు గంపలు. ఊరంతా చేతుల్లో గులకరాళ్ళతో చేరింది. మహారాజు మధ్యాహ్నానికి వస్తాడని కబురు.

మొదటి పీట మీద బంగారయ్య మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. వెనక ఆయన మనుషులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ ముందుకు రాలేదు. ఎలా వస్తారు? ఉండేది ఆయన ఇళ్ళలో. ఓబుళమ్మ ఉండేదీ ఆయన ఇంట్లోనే.

ఆమె ఖాళీ గంప వైపు చూసింది. ఇలాగే మధ్యాహ్నమైతే తలపాగా బంగారయ్య తలకు ఎక్కుతుంది. రేపు గడప రాయి సంగతి బయటపడి, రాజుగారు తలపాగాను తీసుకుపోతారు. ఆమె నడిచి వెళ్ళి రాయి గంపలో వేసింది. 'టక్కు'మంది.

"అయ్యా, ఊరి రాయి మీ పశువుల కొట్టానికి గడప అయింది. అది నా కష్టం. నా ఇంటి కప్పు కారుతోందని ఎన్నిసార్లు చెప్పినా మీరు వినలేదు. అది రెండోది. కానీ నా దగ్గర రాయి ఒకటే ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. బంగారయ్య మొహం ఎర్రబడింది.

"నా నీడన ఉండి నా మీదే రాయి వేస్తావా? రేపు పొద్దుటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యి!"

"అలాగేనండి," అంది ఓబుళమ్మ. కానీ వంగి రాయి తీసుకోలేదు.

అంతే! ఆమె వెనక ఒకరు వచ్చారు. వాళ్ళ వెనక ఇంకొకరు. టక్కు, టక్కు, టక్కు. గంప సగం నిండేసరికి బంగారయ్య దాన్ని కాలితో తన్ని, "తలపాగా లేకపోతే నా తలేం ఊడిపోదు!" అంటూ పీట దిగి వెళ్ళిపోయాడు. కొంతదూరం పోయాక మాత్రం, ఏం జరుగుతుందో చూడాలని జనం వెనకే నక్కి నిలబడ్డాడు.

రెండో పీట మీద మధురాచారి. ఆయన దగ్గరకు అచ్చమాంబ అనే ఇల్లాలు వచ్చింది.

"ఆచారిగారూ, మీ ముళ్ళకంచె దారి మధ్యకు వచ్చేసింది. మా పిల్లల కాళ్ళు చీరుకుపోతున్నాయి."

"అయ్యో తల్లీ!" ఆచారి రెండు చేతులూ జోడించాడు. "ఆ ముళ్ళు నా గుండెల్లో దిగినట్టుంది. ఇవాళే తీయించేస్తాను. నన్ను మన్నించు."

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి అచ్చమాంబ కరిగిపోయింది. రాయి తీసేసుకుంది. తరవాత వచ్చినవాళ్ళకూ అదే వరస. అందరూ బరువుగా వచ్చి తేలిగ్గా వెళ్ళారు. ఆచారి గంప తుడిచినట్టు ఖాళీగా ఉంది.

మూడో పీట దగ్గరకు మంగతాయి ఆలస్యంగా, చేత్తో గరిటె పట్టుకుని వచ్చింది. కూర్చుందో లేదో చాకలి సిద్ధయ్య రాయి వేశాడు.

"అత్తా, నీ పూటకూళ్ళింటి ఎంగిలి నీళ్ళన్నీ మా గుమ్మం ముందుకే వస్తున్నాయి. మొన్న మా అమ్మ జారిపడింది."

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే తిడతావని."

జనం గొల్లుమన్నారు. మంగతాయి మాత్రం నవ్వలేదు.

"తిడతాను, నిజమే," అంది నెమ్మదిగా. "మీ అమ్మకు కాలు ఎలా ఉంది?"

"వాచింది అత్తా."

మంగతాయి లేచింది. గరిటె ఓబుళమ్మ చేతిలో పెట్టింది. చీర చెంగు నడుముకు దోపుకుని, చరచరా నడిచి వెళ్ళిపోయింది.

"మంగతాయీ! పీట దిగకూడదే!" అని ఓబుళమ్మ అరిచింది. వినిపిస్తేగా!

ఆమె వెళ్ళాక ఇంకొందరు వచ్చి ఖాళీ పీటకే కష్టాలు చెప్పుకున్నారు. పొయ్యి పొగ మా గోడ నల్లబరిచిందని ఒకరు, తెల్లారకముందే ఆమె అరుపులకు ఉలిక్కిపడి లేస్తున్నామని ఒకరు. గంప నిండి రాళ్ళు గుట్టగా పోగయ్యాయి. ఓబుళమ్మ ఏడవలేక గరిటె పట్టుకుని నిలబడింది.

మిట్టమధ్యాహ్నం బాకాలు మోగాయి. మహారాజు పల్లకీ దిగాడు. శాస్త్రి ఎదురేగి విన్నవించాడు.

"ప్రభూ, మొదటివారు అలిగి వెళ్ళారు. మూడోవారు సిగ్గుపడి పారిపోయారు. ఖాళీ గంప ఆచారిగారిది. ఆచారం ప్రకారం తలపాగా ఆయనదే."

ఆచారి వినయంగా తల వంచాడు. రాజు తలపాగా కోసం చెయ్యి చాచాడు. ఓబుళమ్మ ఇవ్వలేదు. పెట్టెను గుండెకు హత్తుకుని, "మహారాజా, ఒక్క మాట," అంది. "గంపలు చూశారు. కష్టాలు తీరాయో లేదో కూడా ఒకసారి చూసి, తరవాత చుట్టండి. దూరం కాదు. మా ఊళ్ళో ఏదీ దూరం కాదు."

రాజుకు ఆ మాట నచ్చింది. అందరూ కదిలారు, జనం వెనక నక్కిన బంగారయ్య కూడా.

ముందు ఆచారి ఇల్లు వచ్చింది. మలుపు తిరగ్గానే రాజుగారి పట్టు ఉత్తరీయం ముళ్ళకంచెకు చిక్కుకుని పర్రున చిరిగింది.

"ఆచారిగారూ, ఇవాళ తీయిస్తానన్న కంచె ఇదేనా?"

"ఇవాళ ఇంకా గడవలేదు కదా ప్రభూ," అన్నాడు ఆచారి తియ్యగా.

"నిరుడూ ఇదే మాట అన్నారు," అంది అచ్చమాంబ.

"మరి రాయెందుకు తీసేశావమ్మా?" అని రాజు అడిగాడు.

"ఏం చెయ్యను మహారాజా! అంత బాగా చెప్పారు."

తరవాత మంగతాయి వీధి. అక్కడ మట్టి ఎగిరిపడుతోంది. ఆమె మోకాళ్ళ దాకా బురదలో దిగి, గునపంతో కాలవ తవ్వుతోంది. ఎంగిలి నీళ్ళు సిద్ధయ్య గుమ్మం వదిలి, ఆమె పెరటి అరటిచెట్ల వైపు మళ్ళాయి. సిద్ధయ్య తల్లి వాచిన కాలికి పసుపు పట్టుతో అరుగు మీద కూర్చుని, మంగతాయి పెట్టిన పెరుగన్నం తింటోంది.

వెనక అడుగుల చప్పుడు విని మంగతాయి తల తిప్పకుండానే అరిచింది.

"ఎవరది, దిష్టిబొమ్మలా నిలబడ్డారు? ఆ మట్టితట్ట ఇలా అందించండి!"

రాజు తట్ట ఎత్తి అందించాడు.

"అయ్యో, మహారాజు!" అని శెట్టి గుండె బాదుకున్నాడు.

మంగతాయి తిరిగి చూసింది. నాలుక కరుచుకుంది. కానీ తట్ట మాత్రం అందుకుంది.

ఇంతలో సిద్ధయ్య సంత బయలు నుంచి ఆమె గంపను నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. తన రాయి తీసి కాలవ అడుగున వేశాడు. అది చూసి మిగతావాళ్ళూ ఎవరి రాయి వాళ్ళు తీసి కాలవలో పరిచారు. గంప ఖాళీ అయింది. కాలవకు చక్కని అడుగు అమరింది.

"మా గోడ పొగ సంగతో?" అని వెనకనుంచి ఒకరు అడిగారు.

"మీరు పీటకు చెప్పుకున్నవన్నీ నా చెవిన పడ్డాయిలే. పొగగూడు ఎత్తు పెంచడానికి ఇటుకలు తెప్పించాను, చూడు, అవిగో గుమ్మంలో. అరుపుల సంగతి మాత్రం నన్నడక్కండి. నేను అరవకపోతే మా వంటవాడు లేవడు!"

మహారాజు పకపకా నవ్వాడు. ఓబుళమ్మ చేతిలోంచి తలపాగా తీసుకున్నాడు. మంగతాయి బురద చేతులు వెనక్కి దాచుకుని తల వంచింది.

"కాస్త త్వరగా చుట్టండి ప్రభూ. పొయ్యి మీద పప్పుంది."

"ఓబుళమ్మా, ఈ తలపాగా ఇక్కడే ఉంటుంది," అన్నాడు రాజు. ఓబుళమ్మ ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా సంతోషంతో ఏడ్చేసింది. ఊరంతా మంగతాయి వంటింట్లో భోంచేసింది. పప్పు కొంచెం మాడింది కానీ ఎవరూ రాయి వెయ్యలేదు.

సాయంత్రం ఓబుళమ్మ ఇంటికి వెళ్ళి గిన్నెలు మూట కట్టుకుంటోంది. ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా! గుమ్మం ముందు బండి ఆగింది. బంగారయ్య దిగాడు. ఇప్పుడే వెళ్ళగొడతాడు కాబోలనుకుంది. తీరా చూస్తే బండిలో ఉన్నది కొట్టం గడప, ఊరి రాయి. కడిగి తెచ్చినట్టున్నాడు, అక్షరాలు కనిపిస్తున్నాయి.

"దీన్ని ఎక్కడ దించమంటావు?" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆ గిన్నెలు విప్పుకో. కప్పు కారుతోందన్నావుగా, రేపు మనిషిని పంపిస్తాను."

"రేపా అండీ?" అంది ఓబుళమ్మ.

బంగారయ్య కప్పు వైపు చూశాడు. కండువా తీసి తలకు చుట్టుకున్నాడు. "నిచ్చెన ఎక్కడుంది?" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, తప్పు చెప్పినవారి మీద కోపగించక, తీపి మాటలతో సరిపెట్టక, విన్నవెంటనే దిద్దుకునేవారికే గౌరవం దక్కుతుంది.