జరగని రోజున చూసిన తప్పు

బోధికుడికి నాగబుధుడి మొహం చూస్తే ఒళ్లు మండేది. ఎందుకు మండుతోందో ఎవరితోనూ చెప్పుకునే వీలు లేదు. చెబితే నమ్మేవాళ్లు లేరు, నమ్మినా ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు లేరు.

వాళ్లిద్దరూ కృష్ణ ఒడ్డున, కొండ మీది బౌద్ధ విహారంలో భిక్షువులు. ఒకే ఏడు దీక్ష తీసుకున్నారు, నాగబుధుడు కాస్త ముందు, బోధికుడు కాస్త వెనక. ఒకరి పాత్రలో పడిన భిక్ష ఇంకొకరికి పెట్టకుండా తిన్నవాళ్లు కాదు. అలాంటిది ఆ వానాకాలం మధ్యలో ఏమొచ్చిందో, ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. ఇద్దరూ అనడం కూడా అన్యాయమే. మొహం తిప్పుకున్నవాడు బోధికుడొక్కడే. నాగబుధుడు పలకరించి పలకరించి, చివరికి తనే పక్కకి తప్పుకుని నడవడం అలవాటు చేసుకున్నాడు.

అసలు సంగతి ఇది. విహారంలో ఉత్తరుడని ఒక పండుముసలి భిక్షువు ఉండేవాడు. చూపు ఆనదు. ఊళ్లోకి భిక్షకి వెళ్లాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కొండ దింపి, వాగు దాటించాలి. మీకు మేం తెచ్చిపెడతాం అంటే వినేవాడు కాదు. కాళ్లు ఆడినంతకాలం నా భిక్ష నేనే ఎత్తుకుంటాను అనేవాడు. శ్రావణంలో ఒక రోజు ఆయన్ని తీసుకెళ్లే వంతు నాగబుధుడికి వచ్చింది. ఇద్దరూ నడివాగులో ఉండగా, పైన ఎక్కడో కురిసిన వాన నీరంతా ఒక్కసారిగా వచ్చి పడింది. నాగబుధుడు ముసలాయన చెయ్యి వదిలేసి గట్టుకి పరుగెత్తాడు. ముసలాయన కొట్టుకుపోయాడు. వెనకాలే వస్తున్న బోధికుడు ఇదంతా కళ్లారా చూశాడు.

మర్నాడు లేచి చూస్తే, ఉత్తరుడు అరుగు మీద కూర్చుని నింపాదిగా మొహం కడుక్కుంటున్నాడు. అది మర్నాడు కాదు, నిన్నే. అదే మబ్బు, దండెం మీద అవే తడిబట్టలు, నాగబుధుడి నోట అదే పలకరింపు. ఎలా జరిగింది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, నాకు ఈ కథ చెప్పినవాళ్ల దగ్గరా లేదు. ఆ రోజు గానుగెద్దులా తిరిగి తిరిగి మొదటికే వచ్చేది. ఆ సంగతి బోధికుడికి తప్ప ఇంకో ప్రాణికి గుర్తుండేది కాదు.

వచ్చిన ప్రతిసారీ బోధికుడు ఏదో ఒకటి చేసి చూశాడు. ఏం చేసినా సాయంత్రానికి ముసలాయన ఉండేవాడు కాదు. చివరికి ఒక పొద్దున, ఇవాళ పెద్దాయన్ని నేను తీసుకెళతాను, నువ్వు కొండ వెనకాల పల్లెకి పో అని నాగబుధుణ్ణి పంపించేశాడు. ఉత్తరుణ్ణి వీపు మీద వేసుకుని, ఇంకా తెల్లగా తెల్లవారకముందే వాగు దాటించి, వరద వచ్చి తీసేదాకా అవతలి గట్టునే కూర్చోబెట్టాడు. ముసలాయన దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. ఇంత తేలిక ఉపాయం మొదటే తట్టలేదేం అంటారేమో. తేలిక ఉపాయాలు ఎప్పుడూ ఆఖర్నే తడతాయి.

మర్నాడు నిజంగా మర్నాడే అయింది. ఉత్తరుడు బతికాడు. నాగబుధుడు ఎప్పట్లాగే నవ్వుతూ వచ్చి, నిన్న పల్లెలో భిక్ష బాగా దొరికింది అన్నాడు. బోధికుడికి మాత్రం ఆ చేతుల వంకే చూపు పోయింది. ముసలాయన్ని వదిలేసిన చేతులు. అప్పటినుంచి అతనితో మాట మానేశాడు.

ఇప్పుడు వానాకాలం అయిపోవచ్చింది. ఆ మూడు నెలలూ భిక్షువులు చుట్టుపక్కల భిక్షకి తప్ప ఎక్కడికీ కదలకుండా ఒకేచోట ఉంటారు. ఆఖరి పున్నమినాడు అందరూ సభగా కూర్చుంటారు. దాన్ని ప్రవారణ అంటారు. పెద్దవాళ్లతో మొదలుపెట్టి వరసన ఒక్కొక్కరే గొంతుక్కూర్చుని, చేతులు జోడించి, నా తప్పులుంటే చెప్పండి అని మిగతావాళ్లని అడుగుతారు. ఎవరూ మాట్లాడకపోతే ఆ మనిషి శుద్ధుడని సభ ఒప్పుకున్నట్టు. లోకంలో అడక్కపోయినా తప్పులు చెప్పేవాళ్లకి కొదవ లేదు గాని, అడిగి మరీ చెప్పించుకునేది అక్కడే.

బోధికుడి ఇరకాటం అక్కడే వచ్చింది. నోరు విప్పితే, సభ నమ్మినా నమ్మకపోయినా, సాటి భిక్షువుని చావుకి వదిలేసినవాడన్న మచ్చతో నాగబుధుడు తలెత్తుకుని అక్కడ ఉండలేడు. విప్పకపోతే, కళ్లతో చూసిన తప్పుని లేదని నిండుసభలో ఒప్పుకున్నట్టే. దీనికి తోడు, ప్రవారణ కాగానే నాగబుధుడు వేరే విహారానికి వెళ్లిపోతాడని అందరూ అనుకుంటున్నారు. పోతే పోనీ అని పైకి అనుకున్నాడు గాని, ఆ మాట విన్న దగ్గర్నుంచి బోధికుడికి ముద్ద దిగడం లేదు.

సభకి ముందురోజు మధ్యాహ్నం గురువు దగ్గరికి వెళ్లాడు. ఆ ఇద్దరికీ దీక్ష ఇచ్చిన గురువు చంద్రముఖుడు, విహారానికి పెద్ద. ఆయన స్తంభానికి ఆనుకుని చిరిగిన పైవస్త్రానికి మాసిక వేసుకుంటున్నాడు. బోధికుడు నమస్కరించి కూర్చుని, దాచకుండా అంతా చెప్పాడు. దాచకుండా చెబుతున్నాననే అనుకున్నాడు. వాగు, వరద, వదిలేసిన చెయ్యి, తిరిగి తిరిగి వచ్చిన రోజు, తను ముసలాయన్ని బతికించడం. చెబుతూ చెబుతూ గొంతు కొంచెం పెరిగింది కూడా. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియని ఘనకార్యం ఆయె.

"మీరు నన్ను నమ్ముతారా భంతే?" అని అడిగాడు చివర్న.

"నువ్వు అబద్ధం ఆడటం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు చంద్రముఖుడు.

"అయితే రేపు చెప్పమంటారా, ఊరుకోమంటారా?"

గురువు ఆ రోజులన్నీ బాగా గుర్తున్నాయా అని మాత్రం అడిగాడు. ఒక్కటి కూడా మరిచిపోలేదన్నాడు బోధికుడు.

చంద్రముఖుడు సూది పక్కన పెట్టాడు. స్తంభం పట్టుకుని మెల్లగా లేచాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. పైవస్త్రం ఎడమ భుజం మీదికి సర్దుకుని, రెండడుగులు ముందుకొచ్చి, శిష్యుడి ఎదుట గొంతుక్కూర్చుని చేతులు జోడించాడు.

బోధికుడు కంగారుగా లేవబోయాడు. గురువు కూర్చోమని కళ్లతోనే చెప్పాడు.

"చూసింది గాని, విన్నది గాని, అనుమానపడ్డది గాని, ఆ రోజులన్నిట్లో నా తప్పేదైనా ఉంటే, దయతో చెప్పు నాయనా. తెలిస్తే సరిచేసుకుంటాను."

పద్ధతి ప్రకారం ఆ మాట మూడుసార్లు అన్నాడు.

లేదు అనబోయాడు బోధికుడు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఉంది. ఆ పొద్దుల్లో ఒక పొద్దున తను ఈ గురువు కాళ్లమీదే పడ్డాడు. ఇవాళ వరద వస్తుంది, ఉత్తరుణ్ణి పంపకండి అని బతిమాలాడు. పీడకలలకి జడిసి భిక్ష మానుకుంటామా అని చంద్రముఖుడు కసిరాడు. కసిరి ఊరుకోక, తనే ముసలాయన చెయ్యి తీసి నాగబుధుడి చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం ఒక్కడే వాగు ఒడ్డున కూలబడి ఉన్న గురువుని చూసి బోధికుడికి జాలేసింది గాని, కోపం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి తలుచుకోనేలేదు.

ఒక సంగతి వచ్చాక దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఇంకో పొద్దున, ఏం చేసినా ఇంతేగా, రేపు ఎలాగూ మళ్లీ ఇదే వస్తుందిగా అని విసిగిపోయి తను గదిలో ముసుగుతన్ని పడుకున్నాడు. వాగు వైపునుంచి కేకలు వినపడ్డాయి. లేవలేదు. ఆ రాత్రి దాటాక నిజంగా మర్నాడే వచ్చి ఉంటే? ఇందాక గురువుకి అంత వివరంగా చెప్పిన కథలో ఆ రోజు లేదు. కావాలని దాచలేదు. నోటికి రాలేదు, అంతే. బోధికుడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

చంద్రముఖుడి మోకాళ్లు వణుకుతున్నాయి. చేతులు మాత్రం అలాగే జోడించి ఉన్నాయి.

"నువ్వు ఏదో ఒకటి అంటే గాని నేను లేవడానికి లేదు" అన్నాడు నెమ్మదిగా.

"ఏమీ లేదు భంతే" అన్నాడు బోధికుడు.

"ఒక్క తప్పూ చూడలేదా?"

బోధికుడు ముందుకు వంగి, రెండు చేతులూ పట్టుకుని గురువుని లేవదీశాడు. చంద్రముఖుడు మళ్లీ స్తంభానికి చేరగిలబడి, సూది ఇచ్చి, దారం ఎక్కించి పెట్టమన్నాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టమో ఎక్కించినవాళ్లకే తెలుస్తుంది. గురువు తొందరపెట్టలేదు.

మర్నాడు పున్నమి. పొద్దు వాలుతుండగా భిక్షువులంతా మండపంలో వరసగా కూర్చున్నారు. మొదట చంద్రముఖుడు అడిగాడు. ఉత్తరుణ్ణి పట్టుకుని కూర్చోబెడితే ఆయనా అడిగాడు. తర్వాత ఒక్కొక్కరే అడుగుతూ రాగా నాగబుధుడి వంతు వచ్చింది. అతను చేతులు జోడించి మూడుసార్లు అడిగాడు. అడుగుతున్నది సభనే అయినా చూపు బోధికుడి మీదే ఉంది. ఇవాళైనా చెబుతాడేమో, నా తప్పేమిటో నాకు తెలుస్తుందేమో అని ఆ మొహంలో ఆశ కూడా ఉంది.

బోధికుడు తల వంచుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. సభ నాగబుధుణ్ణి శుద్ధుడని ఒప్పుకుంది.

తర్వాతి వంతు బోధికుడిదే. గొంతుక్కూర్చుని, చూసింది గాని, విన్నది గాని, అనుమానపడ్డది గాని అంటూ మొదలుపెట్టాడు. మూడోసారి పూర్తయ్యాక, పక్కనుంచి నాగబుధుడి గొంతు వినిపించింది.

"నేను చూసింది ఒకటుంది."

అందరూ అటు తిరిగారు.

"శ్రావణం నుంచీ ఇతను నాతో మాట్లాడటం లేదు" అన్నాడు నాగబుధుడు. "నేనేం చేశానో నాకు తెలీదు. ఏదైనా చేసుంటే ఇందాకే చెప్పేవాడు. చెప్పలేదు. ఏమీ చెయ్యనివాణ్ణి ఇన్నాళ్లు శిక్షించాడు. నేను చూసింది అదొక్కటే."

అక్కడున్న ప్రతి ఒక్కరూ చూసిన తప్పు అది. కాదనడానికి లేదు. బోధికుడు చేతులు దించలేదు.

"నా తప్పు నాకు కనిపించింది. సరిచేసుకుంటాను" అన్నాడు.

పద్ధతి ప్రకారం అంతే చాలు. తర్వాతి భిక్షువు అప్పుడే ముందుకు జరుగుతున్నాడు. చంద్రముఖుడు చెయ్యెత్తి అతన్ని ఆపి, పద్ధతిలో లేని మాట ఒకటి అడిగాడు.

"ఎప్పుడు?"

బోధికుడు గురువుకి జవాబిస్తూనే నాగబుధుడి వైపు తిరిగాడు.

"ఇవాళే భంతే" అన్నాడు. "రేపు వస్తుందో రాదో నాకు తెలీదు."