నూట ముప్పై బెజ్జాల అడవి

అనగనగా ఒక అడవి ఉండేది. దానికి రాజు సింహం కాదర్రా, ఎలుగుబంటి. సింహాలన్నీ వేరే కథల్లో పనిలో ఉన్నాయి మరి.

ఆ వేసవిలో ఎలుగు రాజుకి ఒక బెంగ పట్టుకుంది. "నా అడవి బాగుందా, లేదా? తెలిసేదెలా?" అని అడిగాడు. తిరిగి చూస్తే తెలుస్తుంది. కానీ తిరగాలంటే లేవాలి కదా!

మంత్రి కొండముచ్చు తోక సవరించుకున్నాడు. "పనిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టిద్దాం ప్రభూ. ఆ సంఖ్య పెరిగితే అడవి బాగున్నట్టే!" అన్నాడు.

ఆ లెక్క చుక్కమ్మ అనే వడ్రంగిపిట్ట నెత్తిన పడింది. రోజూ మిట్టమధ్యాహ్నం ఆమె అడవంతా తిరగాలి. పనిలో కనిపించిన ఒక్కొక్కరికీ మద్దిచెట్టు మీద ఒక్కో బెజ్జం పొడవాలి. మధ్యాహ్నమే ఎందుకంటే, అప్పటికిగానీ రాజుగారికి మెలకువ రాదు.

అడవిలో ఉన్నవి వంద ప్రాణులు. మొదటిసారి డెబ్భై బెజ్జాలు పడ్డాయి. రాజు మూతి ముడిచాడు.

రెండోసారి చుక్కమ్మకి ఉడుత ఎదురైంది. ఎండలకి కాయలు తగ్గాయి. పాపం, ఒక్క పనితో కడుపు నిండక కాయలు ఏరుతోంది, కుందేలు పిల్లల్ని ఆడిస్తోంది, మధ్యలో వెళ్లి మంత్రిగారి తోకలో పేలు తీసి వస్తోంది.

"ఏం వదినా, అలా చిక్కిపోయావు?" అంది చుక్కమ్మ.

"చిక్కడానికి తప్ప దేనికీ తీరిక లేదు వదినా, తప్పుకో!" అంది ఉడుత.

చుక్కమ్మ మంత్రి దగ్గరికెళ్లి, "ఉడుత ఒక్కతే కదా, ఒక్క బెజ్జమేనా?" అని అడిగింది.

"పనులు మూడు కదే! మూడు పొడిచెయ్!" అన్నాడు మంత్రి. అలాంటి ఉడుతలు అడవిలో చాలానే తేలాయి. ఆ రోజుకి బెజ్జాలు వంద. రాజు పొంగిపోయాడు.

మూడోసారి గంభీరయ్య అనే ఏనుగు గుర్రుపెడుతూ దొరికిపోయాడు. గంభీరయ్య రోజూ తెల్లవారుజామునే ఎండిన వాగులోకి దిగి, ఇసుక తవ్వి చెలమ తీస్తాడు. ఆ చెలమలో ఊరిన నీళ్లే అడవంతా తాగుతుంది. మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు.

"పట్టపగలు పడుకున్నవాడు పనిలేనివాడే!" అని మంత్రి తేల్చేశాడు. పొద్దస్తమానం రాజుగారికి చెవులతో విసరమన్నాడు. గుడ్లగూబని కూడా లేపి, సూర్యుణ్ని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా పెట్టాడు. నవ్వకండర్రా, గుడ్లగూబకి ఏడుపొచ్చింది.

ఇదంతా తప్పని చుక్కమ్మకి తెలుసు. కానీ రాజుగారు అందరిలోనూ శభాష్ అంటుంటే నోరు పెగల్లేదు. ఇలాంటి పనులు ఇంకా బోలెడు పుట్టించేసరికి బెజ్జాలు నూట ముప్పై అయ్యాయి.

మూడు రోజులు గడిచాయి. విసిరి విసిరి అలిసిపోయిన ఏనుగు తెల్లవారుజామున లేవలేకపోయాడు. చెలమ ఇసుకతో పూడిపోయింది. గూట్లో చుక్కమ్మ ఒక్కగానొక్క పిల్ల నోరు తెరిచి, "అమ్మా, నీళ్లు!" అంది. చుక్కమ్మ వాగంతా వెతికింది. తడి కూడా దొరకలేదు.

అదే రోజు రాజు సభ పెట్టాడు. "వంద ప్రాణుల అడవిలో నూట ముప్పై మంది పనిలో ఉన్నారు! ఇంత బాగున్న అడవి ఎక్కడైనా ఉందా?" అని అరిచి అరిచి దగ్గు తెచ్చుకున్నాడు. "నీళ్లు! నీళ్లు!" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. "చెలమ పూడిపోయింది ప్రభూ" అంది కుందేలు.

"మరి నూట ముప్పై మంది ఏం చేస్తున్నార్రా?"

మంత్రి చటుక్కున లేచాడు. "నీళ్లు లేవని చాటడానికి ఒకణ్ని పెడదాం ప్రభూ! చుక్కమ్మా, ఇంకో బెజ్జం పొడిచెయ్!"

"పొడవను!" అంది చుక్కమ్మ. సభంతా బిత్తరపోయింది. "మహారాజా, మనకి నీళ్లిచ్చేది ఏనుగన్న. అతని పని తెల్లారేసరికి ముగుస్తుంది, మన లెక్క మధ్యాహ్నం మొదలవుతుంది. తెలిసీ నోరు మూసుకున్నాను, తప్పు నాదీ ఉంది. నన్నేం చేసినా సరే. నా పిల్ల చచ్చిపోయేలా ఉంది. ముందు అతన్ని పడుకోనివ్వండి!"

రాజు గర్జించబోయాడు. దాహానికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. "వెళ్లి పడుకో గంభీరయ్యా" అని మాత్రం అనగలిగాడు. ఏనుగు ఎక్కడికీ వెళ్లలేదు, అక్కడే ఒరిగిపోయాడు.

తెల్లవారుజామున ఏనుగు లేచి ఇసుక తవ్వాడు, తెల్లవారేసరికి చెలమలో నీళ్లు ఊరాయి. రాజు వరసలో నిలబడి, పిట్టపిల్ల తాగాకే మూతి పెట్టాడు. పక్కన మంత్రి కొండముచ్చు రొప్పుతూ ఇసుక ఎత్తిపోస్తున్నాడు. దాన్ని ఎవరూ లెక్క రాసుకోలేదు.

నీతి: పనిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి దేశం బాగుందని మురిసిపోకూడదు, ఆ పనితో ఎవరి కడుపు నిండిందో, ఎవరి గొంతు తడిసిందో అడగాలి.