పూలబుట్ట వెనక మెట్లు

సన్నాయి మస్తానయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అందుకే ఆయన శిష్యుల్లో పనికి ఒళ్ళు వంగనివాళ్ళు ప్రశ్నలు తగ్గించుకునేవారు. పన్నెండేళ్ళుగా ఆయన మేళంలో డోలు వాయిస్తున్న పెంచలయ్య మాత్రం ఒకనాటి ఉదయం అడగకుండా ఉండలేకపోయాడు.

ముందురోజు ఒక పెళ్ళిలో పరువు పోయింది. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగాలి. ఎవరి తుమ్మో, ఎవరి ఏడుపో, ఏ చెడ్డమాటో పెళ్ళివారి చెవిన పడకుండా డోలు కప్పెయ్యాలి. సరిగ్గా అప్పుడే పెంచలయ్య చెయ్యి వణికి, పుల్ల జారి కింద పడింది. ఆ పొద్దు తాగలేదు కనుక వణికాడు, తాగి ఉంటే తూలేవాడు. తేడా అంతే. పెళ్ళికూతురి తల్లి వెక్కివెక్కి ఏడవడం పందిరంతా వినిపించింది. మస్తానయ్య గారు ఇంటికి రాగానే ఆ డోలును తన గదిలో గోడకు తగిలించేశారు.

"అయ్యా, సిగ్గు తట్టుకోలేక తాగతా ఉండా. తాగినందుకు మళ్ళీ సిగ్గు. ఈ రెంటిలో ముందు ఏది పోవాల?" అని అడిగాడు పెంచలయ్య.

ఆయన సన్నాయి పీక తుడుచుకుంటూ, "టౌన్లో కూరగాయల మార్కెట్టు ఎనక వీధిలో, ఆదివారం సాయంత్రం, తాగుడు మానాలనుకునేవాళ్ళు కూడుకుంటారంట. పొయ్యి కూర్చోని రా. డోలు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఏ ఇల్లు, ఏ మేడ అన్నది చెప్పలేదు. అడిగితే వీధిలోవాళ్ళే చెప్తారన్నారు.

అడగడమే గదా, అదెంత పని అనుకుంటాం మనం. పెంచలయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళి, ఆ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు తిరిగాడు. చివరికి ఒక మేడ కింద పూలు అమ్ముకుంటున్న ఆమె దగ్గర ఆగి, "అమ్మా, ఇక్కడ భజన యాడ?" అన్నాడు. నోటికి ఆ మాటే వచ్చింది. ఆమె అతన్ని ఒకసారి తేరిపార చూసి, రామమందిరం వైపు చెయ్యి చూపించింది. అక్కడివాళ్ళు మేళగాడని గుర్తుపట్టి తాళాలు చేతికిచ్చారు. రెండు గంటలు వాయించి, ప్రసాదం తిని, దారిలో తాగి ఇల్లు చేరాడు. రెండో ఆదివారం టీ కొట్టువాడిని పింఛనీదార్ల మీటింగు ఎక్కడని అడిగాడు. నిండా నలభై ఏళ్ళు లేని మనిషి! టీ కొట్టువాడు ఎగాదిగా చూశాడు. అదే మనిషి ఏ ఊళ్ళోనూ వైన్ షాపు ఎక్కడని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

ఈలోగా మాఘమాసం ముహూర్తాలు ముమ్మరమయ్యాయి. మేళంలో అతని చోట పక్క ఊరి డోలు మనిషి కూర్చున్నాడు. బాగానే వాయిస్తున్నాడని కూడా తెలిసింది. ఆ మాట పెంచలయ్యను లోపల కోసేసింది.

మూడో ఆదివారం అతను తిన్నగా పూలామె దగ్గరికి పోయి, "అమ్మా, నేను తాగుబోతును. తాగుడు మానేవాళ్ళు కూర్చునే చోటు యాడ?" అన్నాడు.

ఆమె మాల కట్టడం ఆపలేదు. "నా బుట్ట ఎనకుండేయే మెట్లు. పైకి పో" అంది. అతను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మళ్ళీ తనే అంది: "ఆపొద్దు భజన అడిగింది నువ్వే గదా. చూస్తానే తెలిసింది నాకు. మా ఆయన గూడా ఈ వీధిలో అందర్నీ భజనే అడిగినాడయ్యా. చనిపొయ్యి మూడేళ్ళయింది. అడగని దోవ చెప్తే కోప్పడతావేమోనని, నువ్వడిగిందే చూపించినా."

పైన పదిమంది, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. వంతు తన దాకా వచ్చాక పెంచలయ్య పేరు చెప్పగలిగాడు. ఆపైన ఏడుపు వచ్చేసింది. ఎవరి ఏడుపు వినిపించినా దాన్ని కప్పెయ్యడం పన్నెండేళ్ళుగా అతని పని. ఇక్కడ అతని ఏడుపును ఎవరూ కప్పలేదు. ఊరుకోమనలేదు, కనీసం దగ్గలేదు. అందరూ కూర్చుని చివరిదాకా విన్నారు. అతనికి చాలా భయం వేసింది.

మర్నాడు గురువు అడిగారు: "ఏది ముందు పోయింది?"

"రెండూ పోలేదయ్యా. రెండూ నాతోపాటే మెట్లెక్కినాయి. నిన్న ఒక్క పూట తాగలా, అంతే." పూలామె మాటలు కూడా పొల్లుపోకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని కళ్ళు గోడ మీది డోలు మీదే ఉన్నాయి. మస్తానయ్య గారు అది గమనించారు గాని, దాన్ని దించడానికి లేవలేదు.

"వచ్చే ఆదివారం నువ్వు మెట్లెక్కేటప్పుడు, ఎవడన్నా వచ్చి భజన యాడని అడిగితే," అన్నారాయన, "నువ్వేం చెప్తావు పెంచలయ్యా?"