తలుపు బయటి మనిషి

భావనాచార్యులవారు తర్కం చెప్పేటప్పుడు, ఎవరైనా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఒకనాడు నృసింహం అనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, వాదంలో ఎక్కడా దోషం లేనప్పుడు, తేలిన సంగతి అబద్ధం ఎలా అవుతుంది?"

ఆచార్యులవారు పుస్తకం మూశారు. ఆ తరవాత తమ పాతికేళ్ళ వయసులో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో, పోలయ్య అనే రైతు భార్య అచ్చాయమ్మ వరదలో కొట్టుకుపోయింది. తొమ్మిదో రోజున దిగువన ఒక శవం తేలింది. మొహం చేపలు తినేశాయి. చీర రంగు చూసి, ఆమేననుకుని దహనం చేశారు. నెల తిరిగాక ఒక మిట్టమధ్యాహ్నం ఎవరో పోలయ్య ఇంటి తలుపు తట్టారు.

"మావా, నేనే. తలుపు తియ్యి."

గొంతు అచ్చాయమ్మదే. ఇంట్లోవాళ్ళు గోడకి అతుక్కుపోయారు. పక్కింట్లో బస చేసిన ఆచార్యులవారిని పెరటిదారిన పిలుచుకొచ్చారు.

ఆయన తడుముకోకుండా అన్నారు: "చచ్చినవాళ్ళు తిరిగి రారు. అచ్చాయమ్మ చచ్చిపోయింది. కాబట్టి బయట ఉన్నది అచ్చాయమ్మ కాదు."

ఇంట్లోవాళ్ళు తలలూపారు.

"కాళ్ళు కాలుతున్నాయి మావా. పోనీ, కాసిని మంచినీళ్ళన్నా ఇయ్యి."

పోలయ్య చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. అతను ఆచార్యులవారి వైపు చూశాడు. ఆయన ఆ మూడు మాటలే మళ్ళీ చెప్పారు. చెయ్యి కిందికి దిగింది. కాసేపు తలుపుచెక్కని గోళ్ళతో గీరుతున్న చప్పుడు వినిపించింది. తరవాత అదీ లేదు.

మర్నాడు ఏటి నడుమ లంకలోంచి ఒక పడవవాడు వచ్చాడు. "అచ్చాయమ్మ కులాసాగా చేరిందా? వరదలో మా లంకకి కొట్టుకొచ్చింది. నెల్లాళ్ళు మా పాకలోనే జ్వరంతో పడుంది. నిన్న నేనే రేవులో దింపాను" అన్నాడు.

ఊరంతా వెతికారు. ఇసకలో ఆమె అడుగులు నీళ్ళదాకా ఉన్నాయి. వెనక్కి వచ్చినవి లేవు. పోలయ్య ఆ తరవాత ఎన్నడూ ఇంటి తలుపు మూయలేదు.

నృసింహం గొంతు తగ్గించి, "మరి మీ వాదంలో దోషం ఎక్కడుంది?" అన్నాడు.

"వాదంలో లేదు నాయనా. ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. చితిమీద పడుకున్నదెవరని మాత్రం ఆనాడు నేనడగలేదు."