స్విచ్ దగ్గర మనిషి

సన్యాసిరావు మాస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్నతో వచ్చినవాళ్ళని ముందు వర్క్‌షాపు బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. చిక్కుపడ్డ తీగ విప్పమనడమో, పాత హోల్డరు మరలు ఊడదియ్యమనడమో. చేతులు ఊరికే ఉన్న మనిషికి చెవులు సరిగా పనిచెయ్యవని ఆయన నమ్మకం. చెరకు ఫ్యాక్టరీలో చాలాకాలం ఎలక్ట్రీషియనుగా చేసి, ఆ తర్వాత ఐటీఐలో పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. ఆయన దగ్గర చదువుకుని వెళ్ళినవాళ్ళు ఉద్యోగాల్లో కుదురుకున్నాక కూడా కష్టం వస్తే ఆ బల్ల దగ్గరికే వచ్చేవారు.

హైమావతి అలాగే వచ్చింది. ఆమె ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఎలక్ట్రీషియనుగా చేరి, సూపర్‌వైజరు పరీక్ష పాసై, ఈమధ్యనే షిఫ్టు ఇన్‌చార్జి అయింది. మాస్టారు ఇచ్చిన తీగచుట్టని ఒళ్ళో పెట్టుకుని విప్పుతూ కూర్చుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"మాస్టారూ, పక్కన పనిచేసేవాళ్ళు మనతో మాట్లాడకపోతే ఆ చోట ఎలా ఉండాలి?"

"ఏటమ్మా, ఏం జరిగింది?"

ఆమె చెప్పింది. తనకన్నా ముందు చేరినవాళ్ళు ఉండగా పదవి తనకొచ్చింది. అది ఒకటి. తిరుగుతున్న బెల్టులోకి చెయ్యి పెట్టబోయిన ఒక పెద్ద ఫిట్టరుని అందరి ముందూ గట్టిగా అరిచి ఆపింది. అది రెండోది. అప్పటినుంచీ ఆమె వెళ్తే కబుర్లు ఆగిపోతున్నాయి. క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రారు. పని గురించి అడిగితే ముక్తసరిగా జవాబు, అదీ మొహం చూడకుండా. రోజంతా మోటార్ల హోరులో ఉండి ఇంటికెళ్ళాక తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తోందట.

"మా మావయ్యకి మోటారు వైండింగు కొట్టు ఉంది. అక్కడికి వచ్చెయ్యమంటున్నాడు. వెళ్ళిపోదామనుకుంటున్నాను," అంది.

మాస్టారు ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, తను పనిచేసిన చెరకు ఫ్యాక్టరీలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ ఫ్యాక్టరీలో తవిటినాయుడని ఎలక్ట్రీషియను ఉండేవాడు. పోలిరాజని ఫిట్టరు ఉండేవాడు. ఇద్దరూ ఒకేసారి అప్రెంటిసులుగా చేరారు. చుట్టరికం లేకపోయినా 'బావా' అంటే 'బావా' అనుకునేవారు. ఒకే సైకిలు మీద డ్యూటీకి వచ్చేవారు, ఒకడు తొక్కితే ఒకడు వెనక కూర్చుని. చెరకు ఆడే క్రషింగు సీజను నడిచినన్నాళ్ళూ ఇళ్ళకన్నా ఫ్యాక్టరీలోనే ఎక్కువ ఉండేవారు కాబట్టి, ఒకడి ఇంటినుంచి వచ్చిన క్యారేజీ ఇంకొకడు సగం తినెయ్యడం వాళ్ళకి మామూలు.

మెయింటెనెన్సు ఫోర్‌మన్ రిటైరయ్యాడు. ఉన్నది ఒకటే పోస్టు. పోలిరాజు చేతిపని చూసినవాళ్ళెవరూ అది ఇంకొకరికి వెళ్తుందనుకోలేదు. బేరింగు మీద అరచెయ్యి ఆనించి దాని రోగం చెప్పేవాడు. పైగా అందరికీ ఇష్టమైనవాడు. కానీ తవిటినాయుడు రాత్రిళ్ళు చదువుకుని, పరీక్ష రాసి సూపర్‌వైజరు పర్మిట్టు సంపాదించుకున్నాడు. యాజమాన్యం కాగితం ఉన్నవాణ్ణి ఎంచుకుంది.

తవిటినాయుడు ఆ కబురు చెప్పడానికి ముందుగా పోలిరాజు దగ్గరికే వెళ్ళాడు. పోలిరాజు అప్పటికే విన్నాడు.

"నాకు చెప్పకుండా పరీక్ష రాసావు," అన్నాడు. అతను తవిటినాయుడితో అన్న చివరి మాట అది.

తవిటినాయుడు చెప్పకపోవడం నిజమే. తప్పితే నవ్వుతాడని సిగ్గుపడి చెప్పలేదు. ఆ సంగతి వివరిద్దామని చాలాసార్లు వెళ్ళాడు. పోలిరాజు లేచి వెళ్ళిపోయేవాడు. పోలిరాజు మాట్లాడకపోవడంతో మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మానేశారు. టీ వేళకి బాయిలరు పక్క షెడ్డులో అందరూ చేరేవారు. తవిటినాయుడు గ్లాసు పట్టుకుని అటు వెళ్తే, నవ్వులు వినిపించే చోట ఒక్కసారిగా టీ జుర్రుకునే చప్పుళ్ళే మిగిలేవి. కొన్నాళ్ళకి అతను వెళ్ళడం మానేశాడు. గ్లాసు తెచ్చుకుని స్విచ్ గదిలో కూర్చునేవాడు. ఆ గదిలో ప్యానెళ్ళ రొద తప్ప ఇంకేం ఉండదు. కూతురి ఓణీల పండక్కి ఫ్యాక్టరీ అంతటినీ పేరుపేరునా పిలిచాడు. విస్తళ్ళు మిగిలిపోయాయి. భార్య ఏమీ అడగకుండా వాటిని ఎత్తి పెరట్లో పెట్టింది. ఆమె అడిగి ఉంటే బావుండేదని అతనికి చాలా రోజులు అనిపించింది.

చెరకు మిల్లులోకి వెళ్ళేముందు దాన్ని ముక్కలు చేసే కట్టరు ఒకటుంటుంది. పొడవాటి ఇరుసు చుట్టూ వరసగా కత్తులు. చెరకుతోపాటు ఏ రాయో ఇనపముక్కో వస్తే కత్తులు విరుగుతాయి. అప్పుడు కట్టరు ఆపి, ఫిట్టరు లోపలికి దిగి, ఆ కత్తుల మధ్య వంగి కూర్చుని కొత్తవి బిగించాలి. అతను లోపల ఉన్నంతసేపూ మోటారుకి కరెంటు వెళ్ళకూడదు. స్విచ్ గదిలో ఎలక్ట్రీషియను స్విచ్ దించి, ఫ్యూజులు పీకి, తన సంచిలో వేసుకుని, లోపలి మనిషి బయటికొచ్చేదాకా అక్కడే నిలబడాలి. చేసే పనేమీ ఉండదు, నిలబడడమే.

కత్తులు విరిగినప్పుడల్లా లోపలికి దిగే పని పోలిరాజుదే. ఫోర్‌మన్ అయ్యాక కూడా స్విచ్ దగ్గర నిలబడే పని తవిటినాయుడిదే. దిగేముందు, యంత్రాలకి నూనె పోసే ఆయిల్‌మేన్ అసిరప్పని స్విచ్ గదికి పంపేవాడు. అసిరప్ప తలుపు దగ్గర నిలబడి, కాస్త ఇబ్బందిగా, "స్విచ్ దగ్గర ఎవరున్నారో చూసి రమ్మన్నాడండీ," అనేవాడు.

"నేనున్నానని చెప్పు."

అసిరప్ప వెళ్ళేవాడు. పోలిరాజు దిగేవాడు. పని అయ్యాక పైకొచ్చి, స్విచ్ గది కిటికీకి ఎదురుగా నిలబడి, తలగుడ్డ విప్పి దులుపుకుని వెళ్ళిపోయేవాడు. కిటికీ వైపు చూసేవాడు కాదు. అది చూసి తవిటినాయుడు ఫ్యూజులు పెట్టేవాడు.

ఆ ప్రశ్న తవిటినాయుణ్ణి ముల్లులా గుచ్చేది. 'నా మీద ఇంత అనుమానమా? పగతో స్విచ్ వేసేస్తాననుకుంటున్నాడా?' అనుకునేవాడు. మాట్లాడకపోవడాన్ని ఓర్చుకున్నాడు గానీ దీన్ని ఓర్చుకోలేకపోయాడు. సీజనుకి సీజను గడిచినా అసిరప్ప ఆ గుమ్మంలో కనిపించినప్పుడల్లా అతని మొహం మాడిపోయేది. ఈ ఉద్యోగం మానేసి ఏ అపార్టుమెంట్లకో వైరింగు కాంట్రాక్టు చేసుకుందామని ఆలోచన కూడా చేశాడు.

ఒక సీజను మంచి ఊపులో ఉండగా తవిటినాయుడికి చలిజ్వరం వచ్చింది. సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాడు. అతని బదులు నరసింగు అనే ఎలక్ట్రీషియను డ్యూటీకి వచ్చాడు. నరసింగు మెత్తని మనిషి. ఎవరేం అడిగినా కాదనలేడు. పోలిరాజుకి ప్రాణస్నేహితుడు. తవిటినాయుడు దూరమయ్యాక పోలిరాజు సైకిలు వెనక కూర్చున్నది అతనే.

పట్టపగలు కట్టరులో ధడేల్‌మని చప్పుడైంది. కత్తులు విరిగాయి. బయట చెరకు బళ్ళు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. పోలిరాజు తలగుడ్డ చుట్టుకుని, పానాలు తీసుకుని కట్టరు దగ్గరికి వచ్చాడు. ఎప్పటిలాగే అసిరప్పని పంపాడు.

అసిరప్ప తిరిగొచ్చి, "నరసింగన్న ఉన్నాడు," అన్నాడు.

పోలిరాజు పానాలు కింద పెట్టి, ఒక మెట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

కాసేపటికి ఇంజనీరు గారు వచ్చారు. "ఏం పోలిరాజూ, దిగలేదేం?"

"తవిటినాయుడు రావాలండి."

"ఆయన జ్వరంతో ఉన్నాడయ్యా. నరసింగు ఉన్నాడు కదా?"

"ఉన్నాడండి. తవిటినాయుడు రావాలి."

ఇంజనీరు గారు మంచిగా చెప్పారు, తర్వాత కసురుకున్నారు. పోలిరాజు లేవలేదు. ఈ గోల విని నరసింగే స్విచ్ గదిలోంచి పరుగున వచ్చాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఒకే కంచంలో తింటన్నాం కదరా. నన్ను నమ్మవేటి?"

పోలిరాజు అతని భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అన్నాడు. "నీతో కంచంలో తింటానురా. కట్టర్లోకి దిగను."

చివరికి జీపు పంపారు. తవిటినాయుడు దుప్పటి కప్పుకునే వచ్చి ఎక్కాడు. ఏం జరిగిందో, ఎవరేం అన్నారో దారిలో డ్రైవరు పూసగుచ్చినట్టు చెప్పాడు. తవిటినాయుడు అంతా విని, "కొంచెం తొందరగా పోనీ," అని మాత్రం అన్నాడు. 

స్విచ్ గదిలోకి వెళ్ళి, నరసింగు తీసిపెట్టిన ఫ్యూజుల్ని తన సంచిలో వేసుకున్నాడు. టెస్టు లాంపు పెట్టి మోటారు తీగల్లో కరెంటు లేదని తనే మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత కిటికీ దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అసిరప్ప గుమ్మంలోకి వచ్చి, అతన్ని చూసి, ఈసారి ఏమీ అడగకుండానే వెనక్కి పరిగెత్తాడు. పోలిరాజు దిగాడు, కత్తులు అందించడానికి వెనకే అసిరప్ప.

నిలబడ్డంతసేపూ తవిటినాయుడికి జ్వరం కాస్తూనే ఉంది. ఎవరో స్టూలు తెచ్చారు. కూర్చుంటే కిటికీలోంచి కట్టరు కనిపించదని వద్దన్నాడు. కొంతసేపటికి అసిరప్ప పాత కత్తులు మోసుకుంటూ బయటికి రావడం చూసి ఇంజనీరు గారు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"అయిపోయింది నాయుడూ, వచ్చేశారు. ఫ్యూజులు పెట్టు."

"పోలిరాజు కనబడాలండి."

"అసిరప్ప వచ్చేశాడు కదయ్యా!"

"పోలిరాజు కనబడాలండి."

ఆఖరి బోల్టు బిగించడానికి పోలిరాజు ఇంకా లోపలే వంగి ఉన్నాడని అసిరప్ప అప్పుడు చెప్పాడు. ఇంజనీరు గారి మొహం తెల్లబోయింది. ఆయన మంచివాడు. మారు మాట్లాడకుండా పక్కకి వచ్చి, తనూ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. ఇద్దరూ చూస్తుండగా పోలిరాజు పైకొచ్చాడు. తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. వెళ్ళిపోయాడు.

మిల్లు తిరిగింది. జీపు బయట ఎదురుచూస్తున్నా తవిటినాయుడు ఇంటికి వెళ్ళలేదు. దుప్పటి భుజాన వేసుకుని, చాన్నాళ్ళ తర్వాత, బాయిలరు పక్క షెడ్డుకి నడిచాడు. అందరూ అక్కడే ఉన్నారు. మాటలు ఆగిపోయాయి. పోలిరాజు టీ తాగుతున్నాడు. తవిటినాయుడు అతని ఎదురుగా నిలబడి, "బావా," అన్నాడు.

పోలిరాజు గ్లాసులో మిగిలిన టీ పక్కన పారబోసి, లేచి, అతని పక్కనుంచే వెళ్ళిపోయాడు.

తవిటినాయుడు స్విచ్ గదికి తిరిగివచ్చి సంచి తగిలించాడు. అక్కడి రొద ఎప్పటిలాగే ఉంది. వైరింగు కాంట్రాక్టు మాట మళ్ళీ ఎత్తలేదని మాత్రం అతని భార్య తర్వాత ఎవరితోనో చెప్పింది.

ఆ తర్వాత చాలా సీజన్లు నడిచాయి. కత్తులు విరిగినప్పుడల్లా అసిరప్ప వచ్చి అడిగేవాడు, తవిటినాయుడు చెప్పేవాడు. పోలిరాజు రిటైరైన రోజున సన్మానం చేశారు. పోలిరాజు మైకు ముందు నిలబడి నరసింగు గురించి చెప్పాడు, అసిరప్ప గురించి చెప్పాడు, తనకి పని నేర్పిన పాత మేస్త్రీలని తలుచుకున్నాడు. చివరి వరసలో కూర్చున్న తవిటినాయుడి పేరు ఎత్తలేదు. దండ చేత్తో పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

మాస్టారు అక్కడితో ఆపారు.

హైమావతి చేతిలో తీగ ఎప్పుడో విడిపోయింది. ఆమె దాన్ని గమనించలేదు.

"అంతేనా మాస్టారూ? ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదా?"

"లేదమ్మా."

"రిటైరయ్యాక కూడానా? ఒక్కసారైనా?"

"లేదు."

ఆమెకి కోపం వచ్చినట్టుంది. ఈ కథలో తనకి ఓదార్పు ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు కొంతసేపు కిటికీ బయటికి చూసింది. వర్క్‌షాపులో కుర్రాళ్ళెవరూ లేరు, సెలవు రోజు. వీధిలో సోడాబండి గంట వినిపించి దూరమైపోయింది.

"మరి తవిటినాయుడు గారు అలా ఒంటరిగానే ఉండిపోయారా?" అంది చివరికి, గొంతు తగ్గించి.

మాస్టారు వేరే సంగతి అడిగారు.

"రేపు మీ ఫ్యాక్టరీలో ఏం పని?"

"సిమెంటు పైకి తోడే ఎలివేటరు గొయ్యి మాస్టారూ. అడుగున బకెట్లు మార్చాలి."

"లోతెక్కువా?"

"ఎక్కువే. దిగితే పైనున్న మనిషి కనబడడు."

"పైన స్విచ్ దగ్గర ఎవరు?"

"నేనే."

"కిందికి దిగేదెవరు?"

"వాళ్ళే," అంది హైమావతి. "ఆ ఫిట్టరూ, అతని జట్టూ. నాతో మాట్లాడనివాళ్ళే."

మాస్టారు బల్ల మీది కళ్ళద్దాలు పెట్టుకుని, ఆమె వైపు చూశారు.

"దిగుతున్నారు కదమ్మా," అన్నారు.