చిలుక ముందు కూర్చున్న రాకుమారుడు

అనగా అనగా ఒక రాజుండేవాడు. రాజన్నాక ముగ్గురు కొడుకులుండాలిగా, ఉన్నారు. రాణి హేమావతికి ఆ ముగ్గురూ చాలలేదు. కాలు విరిగిన కుక్క కనిపిస్తే చాలు, తెచ్చి కోట పెరట్లో పెట్టుకునేది.

ఒకరోజు పాడుబావిలోంచి జొన్నగింజ రంగు కుక్కను తీయించింది. చిన్నకొడుకు నీలకేతుడు ముద్దొచ్చి వాటేసుకోబోయాడు. అది కుయ్యిమని మూలకు నక్కింది.

"నేనేం చేశానమ్మా?"

"నువ్వేం చెయ్యలేదు నాన్నా. దాన్నెవరో రాళ్లతో కొట్టారు. ఇప్పుడు ఎవరు చెయ్యెత్తినా దానికి భయమే. కూర్చో. దాని కళ్లలోకి చూడకు. చెయ్యి నేలమీద పెట్టి ఊరుకో. అదే వస్తుంది."

ఒక పూట కూర్చున్నాడు, రాలేదు. రెండో పూట కూర్చున్నాడు, రాలేదు. మూడో పూట వచ్చి చెయ్యి నాకింది. దానికి జొన్న అని పేరు పెట్టాడు.

దగ్గర్లోని కొండమీద జటాలుడనే మాంత్రికుడుండేవాడు. కుక్కల అరుపులకు నిద్ర చెడుతోందని, వాటిని తరిమెయ్యమని రాణికి కబురుపెట్టాడు.

"దిక్కులేనివాటిని ఎక్కడికి పొమ్మనను?" అంది రాణి.

అంతే, ఆమెను రాయి చేసేశాడు. వాడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది.

పెద్దకొడుకు కత్తి పట్టుకెళ్లాడు. చిలుక కెవ్వుమంది, రాయైపోయాడు. నడిపివాడు వల పట్టుకెళ్లాడు. చిలుక కెవ్వుమంది, వాడూ రాయైపోయాడు. నీలకేతుడు జొన్నను వెంటబెట్టుకెళ్లాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటారంటారా? కథల్లో అందరూ ఎలా దాటుతారో అలాగే దాటారు, మధ్యలో అడ్డురాకండి!

చెట్టుమీద చిలుక. చెట్టుకింద రాళ్లైన అన్నలు. నీలకేతుడు కోపంతో ఎగిరి పట్టుకోబోయాడు. అప్పుడు జొన్న నోరు విప్పి మాట్లాడింది.

"ఆగు రాకుమారా! దాని రెక్కలు చూడు, ఎలా వణుకుతున్నాయో. అచ్చం ఆనాటి నేనే."

నీలకేతుడు కూర్చున్నాడు. తల పక్కకు తిప్పుకుని, చెయ్యి నేలమీద పెట్టాడు. ఒక పూట, రాలేదు. రెండో పూట, రాలేదు. మూడో పూట చిలుక దిగి అరచేతిలో వాలింది.

పిడికిలి బిగిస్తే చాలు, మాంత్రికుడు చస్తాడు. కానీ చేతిలో దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. పాపం, దీనికేం తెలుసు? నీలకేతుడు మెల్లగా దాని తల నిమిరాడు.

అక్కడ కొండమీద మాంత్రికుడు ఉలిక్కిపడ్డాడు. ఎవరో తన తల నిమురుతున్నారు! పుట్టి బుద్ధెరిగాక వాడి తల నిమిరినవాళ్లే లేరు. వాడు భోరుమన్నాడు. ఆ కన్నీళ్లకు మంత్రాలన్నీ కరిగిపోయాయి. అన్నలు లేచారు. కోటలో రాణి లేచింది. చిలుక కోసం వచ్చి ఎప్పుడో రాయైపోయిన రాకుమారి కువలయ కూడా లేచి, లేస్తూనే జొన్న చెవి వెనక గోకింది. నీలకేతుడికి ఆమె అప్పుడే నచ్చేసింది.

పెళ్లి ఘనంగా జరిగింది. వధూవరులు కలిసి తినే బువ్వంబంతిలో తొలిముద్ద జొన్నకు పెట్టించి, రాణి కళ్లు తుడుచుకుంది.

"నిన్ను నేను బావిలోంచి తీశాను. నన్ను నువ్వు రాయిలోంచి తీశావు. నీ రుణం తీరేది కాదు తల్లీ!"

నీలకేతుడూ కువలయా చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. మాంత్రికుడంటారా? కోట పెరట్లో నేలమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ రెండో పూట. ఏదో ఒక కుక్క రాకపోదు లెండి.